వంకలో రాయికి పేరు

రాళ్ళకు కులం లేదు, పార్టీ లేదు, ఎలక్షన్లు లేవు అని నమ్మి నేను జియాలజీ చదివాను. అట్లా నమ్మినందుకు నా చెప్పుతో నన్ను నేనే కొట్టుకోవాలి. నా పేరు దీవెనమ్మ. సొంతూరు జమ్మలమడుగు, ఉద్యోగం ప్రొద్దుటూరు కాలేజీలో. బీఎస్సీలో ఈ సబ్జెక్టు తీసుకుంటానన్నప్పుడు, మిషన్ బడిలో అయ్యవారుగా పనిచేసే మా నాయన, "ఈ జిల్లాలో రాళ్ళు ఎత్తుకుని తలకాయలు పగలగొట్టుకునేదే గానీ, వాటిని చదివేది యాడుందమ్మా?" అన్నాడు. ముసలాయన ఊరికే అంటున్నాడులే అనుకున్నాను.

ముద్దనూరు దాటి పులివెందుల వైపు పోతూ రోడ్డు దిగి లోపలికి పోతే ఉప్పరకుంట, గొడుగుపల్లె అని రెండు ఊళ్ళు వస్తాయి. రెండింటికీ నడుమ ఒక వంక. వానలు పడితే నాలుగు రోజులు పారుతుంది, మిగతా ఏడాదంతా ఇసుకే. ఆ వంక మలుపు తిరిగే చోట గట్టు కోసుకుపోయి నిలువెత్తు రాతి పొర ఒకటి బయటపడింది. బోర్లించిన మూకుళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దాని నిండా వరసలు వరసలుగా గుండ్రాలు. నూట తొంభై కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు, భూమ్మీద చెట్టూ పురుగూ ఏదీ పుట్టనప్పుడు, పాకుడు లాంటి సూక్ష్మజీవులు పొర మీద పొర వేసుకుంటూ కట్టిన కట్టడం అది. ఇట్లాంటి రాళ్ళు మా జిల్లాలో ఇంకా చాలా చోట్ల ఉన్నాయి, వాటి మీద పెద్దవాళ్ళు ఎప్పుడో రాసేశారు. కానీ ఈ ఆకారం ఉన్న పొర గురించి ఎవరూ రాయలేదు. ఎన్నో ఎండాకాలాలు ఆ వంకలో తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని కొలిచి, గీసి, ముక్కలు తెచ్చి అరగదీసి చూసి, ఇది కొత్తదే అని నిర్ధారణ చేసుకున్నాను.

దాని మీద నేను రాసిన పేపరు పెద్ద సైన్సు పత్రికలో అచ్చయితే డబ్బులిచ్చే ఢిల్లీవాళ్ళు మా ప్రాజెక్టును పొడిగిస్తారు, డిపార్ట్‌మెంటు నిలబడుతుంది. అచ్చు కాకపోతే జియాలజీ ఎత్తేసి ఆ గదిలో కంప్యూటర్ కోర్సు పెడతామని మా ప్రిన్సిపాల్ ముఖం మీదే చెప్పేశాడు. ఢిల్లీవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఏడాది పొడవునా నిద్రపోయి మార్చి నెలాఖరులో డబ్బులు పంపిస్తారు, మార్చి దాటకుండా ఖర్చు పెట్టమంటారు. ఆ ఎండల్లో, ఆ హడావిడిలో, జియావుల్లా నడిపే బాడుగ జీపులో పడి పోవాలి.

పేపరు పంపించాను. పత్రికవాళ్ళు దాన్ని ఇద్దరు పరిశీలకులకు ఇస్తారు, వాళ్ళెవరో మనకు చెప్పరు. మొదటాయన "బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు, దేవుడు ఆయన్ను చల్లగా చూడాలి. రెండో ఆయన రెండు పేజీలు రాశాడు. కొత్త పొర అంటున్నారు, అయితే దాని పేరేది? నిబంధన ప్రకారం దగ్గరలోని ఊరి పేరు పెట్టండి, అసలు నమూనా ఫలానా చోట ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు అని మ్యాపులో చూపించండి. ఇదీ ఆయన వాదన. తప్పేం లేదు. రాళ్ళకు ఊరి పేరు పెట్టడం మా శాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. వేంపల్లె పేరుతో రాళ్ళున్నాయి, పులివెందుల పేరుతో ఉన్నాయి. ఒకసారి పేరు పడితే ప్రపంచంలో ఏ మూల ఎవరు ఆ రాయి గురించి రాసినా ఆ ఊరి పేరే రాయాలి.

సర్వేవాళ్ళ మ్యాపు తీశాను. రెండు ఊళ్ళూ వంకకు ఒకే దూరంలో ఉన్నాయి. ఉప్పరకుంట అక్షరాలు కాస్త లావుగా ఉన్నాయి. ఉప్పరకుంట అని రాసి, కవరు పోస్టులో వేసి, ఇంటికొచ్చి అన్నం తిన్నాను. నేను చేసింది అంతే.

జియావుల్లా మంచివాడే, కానీ నోట్లో మాట నిలవదు. ముద్దనూరు టీ అంగట్లో కూర్చుని, "మా మేడం ఉప్పరకుంట పేరు దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కిస్తాంది" అని చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఒక విలేకరి టీ తాగుతున్నాడు. రెండు రోజుల తరువాత జిల్లా పేజీలో 'ఉప్పరకుంట రాయికి విశ్వఖ్యాతి' అని పడింది. పక్కన వేసిన ఫోటో రాయి మాది కాదు, ఎక్కడిదో గండికోట బండరాయి.

ఆ రోజులు ఎట్లాంటివో తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. జీపులో నలుగురు మగవాళ్ళు కనబడితే ముందు ఏ పార్టీ వాళ్ళని చూసి ఆ తరువాత పక్కకు తప్పుకునే ఎలక్షన్ల రోజులవి. ఉప్పరకుంట, గొడుగుపల్లె రెండూ గొర్రెలు మేపుకుని, తరువాత చెనిక్కాయ, అంటే వేరుశెనగ, సేద్యంలోకి దిగిన కుటుంబాల ఊళ్ళే. ఒకే దేవరకు మొక్కుతారు, పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుంటారు. కానీ ఒక ఊరు రూలింగ్ పార్టీ పట్టుకుంటే ఇంకో ఊరు ఎదుటి పార్టీ పట్టుకుంది. ఆ వంక ఎవరిదన్న దాని మీద జమ్మలమడుగు కోర్టులో దావా ఉంది, కోర్టు బయట కొట్లాటల్లో ఇద్దరు మనుషులు అప్పటికే పోయారు. అక్కడ ఒకరి ఇంట్లో మంచినీళ్ళు తాగితే రెండో ఊరికి నువ్వు పగవాడివే. అందుకని నేను మొదటి నుంచీ రామేశ్వరమ్మ ఇంట్లోనే తినేదాన్ని. ఉప్పరకుంట పెద్ద చెన్నకేశవకు ఆమె చెల్లెలు. మొగుడు మునెయ్య, గొడుగుపల్లె పెద్ద చిన్నసుబ్బయ్యకు తమ్ముడు. వంక గట్టున చేన్లో వేసుకున్న ఇల్లు వాళ్ళది. అటు వాళ్ళూ ఇటు వాళ్ళూ కత్తి తీయకుండా అడుగుపెట్టే ఇల్లు ఆ చుట్టుపక్కల అదొక్కటే.

పేపర్లో పడిన మర్నాడు పొద్దున్నే రెండు జీపులు కాలేజీ గేటు ముందర ఆగాయి. పిల్లలు ఎటుపడితే అటు పరుగు. వాచ్‌మన్ గేటు వదిలేసి సైకిల్ స్టాండులో దూరాడు. చిన్నసుబ్బయ్య తెల్ల పంచె, తెల్ల చొక్కాతో మా డిపార్ట్‌మెంటులోకి వచ్చి, రాళ్ళ బీరువాల నడుమ స్టూలు మీద కూర్చుని, పేపరు కటింగు బల్ల మీద పెట్టాడు.

"ఇదేంది మేడమ్మా?"

"పేపరోళ్ళ రాత. నాకేం సంబంధం ల్యా."

"రాయికి వాండ్ల ఊరి పేరు నువ్వు పెట్టినావా, ల్యా?"

"ఏదో ఒగ ఊరి పేరు పెట్టల్లప్పా. అది దగ్గర్లో ఉండే ఊరు."

"మా ఊరు దూరమా?"

"అదీ అంతే దూరం."

"మరి?"

అక్షరాలు లావుగా ఉన్నాయని చెప్తే నన్ను అక్కడే పాతేసేవాడు.

"ఆ వంక మాదని మా నాయన దావా వేసినాడు. ఆయన పోయినాడు, నేను నడుపుతాండా. రేపు వాండ్ల లాయరు నీ పుస్తకం జడ్జి ముందర పెట్టి, అయ్యా, ఫారినోళ్ళు గూడా దీన్ని ఉప్పరకుంట రాయనే ఒప్పుకున్యారు అంటే నేనేం చెప్పల్ల?"

"జడ్జి అట్లాంటివి పట్టించుకోడప్పా."

"నువ్వు జడ్జివా?"

"కాదు."

"ఇంగ గమ్మునుండు. నీకు ఈ పనికి దుడ్లు ఎవురిస్తాండారు?"

"ఢిల్లీ వాళ్ళు."

"ఢిల్లీలో ఏ పార్టీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అప్పా, ఈ రాయి పుట్టి నూట తొంభై కోట్ల ఏండ్లయింది. అప్పుడు నీ ఊరు ల్యా, వాండ్ల ఊరు ల్యా, మనిషనేవాడే ల్యా. పార్టీ యాడిది?" అన్నాను. చిన్నసుబ్బయ్య నా మాట ఓపిగ్గా విన్నాడు. విని, "అప్పుడు ల్యాకపోతే పోయె. ఇప్పుడుండాది గదా. పేరు మార్చు" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన పోయిన తరువాత ప్రిన్సిపాల్ వచ్చి తలుపు సందులో నుంచి తొంగిచూసి, "ఏమమ్మా, బొటనీ అయితే ఈ తలనొప్పులు ఉండేవి కాదు గదా" అన్నాడు.

సరే, పేరు మారుద్దాం, ఏం పోయింది అనుకున్నాను. పత్రికకు రాసే ముందు ఉప్పరకుంట వాళ్ళతో ఒక మాట చెప్పడం మర్యాద అని జీపెక్కాను. ఆ మర్యాద నా కొంప ముంచింది. ఊరి ముందర కొత్తగా ఆర్చి లేస్తోంది. దాని మీద పెయింటరు 'విశ్వవిఖ్యాత ఉప్పరకుంటకు స్వాగతం' అని రాస్తున్నాడు, సగం అయింది. పెద్దమనిషి చెన్నకేశవ నా మెడలో కనకాంబరాల దండ వేశాడు. డప్పులు కూడా కొట్టించారు. ఆ చప్పుడులో నేను పేరు మారుస్తానన్న సంగతి చెప్పేసరికి డప్పులు ఆగిపోయాయి.

"మేడమ్మా, పేపర్లో పడినాక పేరు తీసేస్తే మేము మొగం యాడ పెట్టుకోవల్ల?" అన్నాడు చెన్నకేశవ. గొంతు పెంచలేదు. "ఆ గొడుగుపల్లె నాకొడుకులు రాత్రికి రాత్రి బాణాసంచా కాల్చుకుంటారు. మా పిల్లోళ్ళు చూస్తా కూచుంటారా? ఆపైన ఏమన్నా జరిగితే ఎవురి నెత్తిన పడతాది? నువ్వే చెప్పు."

"అప్పా, మీరిద్దరూ కలిసి నా ప్రాణం తీస్తాండారు."

"నీ జోలికి ఎవురొస్తారమ్మా? చదువుకున్న ఆడమనిషివి. మా ప్రాణాలే పోయేది."

ఆ తరువాత నేను పడిన తిప్పలు పగవాడికి కూడా వద్దు. వంక పేరు పెడదామనుకున్నాను. వంకను ఉప్పరకుంటలో ఉప్పరోళ్ళ వంక అంటారు, గొడుగుపల్లెలో గొడుగు వంక అంటారు, మ్యాపులో ఏ పేరూ లేదు. పక్కనున్న గుట్ట పేరు పెడదామంటే, గుట్ట మీది దేవర మాదంటే మాది అని రెండు ఊళ్ళూ జాతర వేరువేరుగా చేస్తాయి. రెండు పేర్లూ కలిపి పెట్టమని జియావుల్లా సలహా ఇచ్చాడు. ముందు ఎవరి పేరన్న దాని మీద వారం రోజులు మధ్యవర్తులు తిరిగారు. తెలుగు అక్షరాల వరసలో ఉప్పరకుంట ముందొస్తుందని వాళ్ళు, ఇంగ్లీషు పుస్తకం గదా ఇంగ్లీషు వరసే పట్టుకోవాలని వీళ్ళు. చివరికి ఆ గొడవ వాళ్ళు తేల్చకముందే పత్రిక సంపాదకుడు తేల్చాడు. జంట పేర్లు నిబంధనలు ఒప్పుకోవని ఉత్తరం రాశాడు. ఇక్కడ ఊళ్ళలో ఉద్రిక్తత ఉంది, కొంచెం మినహాయింపు ఇవ్వండి అని నేను తిరిగి రాస్తే, రాతి పొరల నామకరణ నిబంధనల్లో ఉద్రిక్తతకు సంబంధించిన అంశమేదీ లేదని ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. నెలాఖరులోగా సవరించిన ప్రతి అందకపోతే పేపరు తిరస్కరించినట్టే అని కింద ఒక వాక్యం.

జమ్మలమడుగు పోయి పోలీసు ఆఫీసర్‌ని కలిశాను. ఆయన నేను చెప్పిందంతా విని, టోపీ తీసి బల్ల మీద పెట్టి, "మేడం, పోలింగు బూతుల కాడ పెట్టేదానికే నాకు ఫోర్సు చాలటం ల్యా. రాయికి బందోబస్తు కావల్లని పైకి రాస్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపిస్తారు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. నాకే ఆ మాట చెప్తుంటే సిగ్గేసింది.

నాకు ఇక ఒక్కటే దారి తోచింది. పేరు సంగతి పై ఆఫీసులో పెండింగులో ఉంది అని రెండు ఊళ్ళకూ కబురు చేశాను. మా జిల్లాలో ఆ మాట అర్థం కానివాడు లేడు. ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. పత్రికకు పంపే పేపర్లో మాత్రం ఉప్పరకుంట పేరే ఉంచి పంపేశాను. చిన్నసుబ్బయ్య ఆ పత్రిక తెప్పించుకుని చదవబోతాడా? నామినేషన్లు, ఓట్లు అయిపోతే ఎవరి గోల వాళ్ళది, రాయి సంగతి మరిచిపోతారని నా ధీమా.

వాళ్ళు మరిచిపోలేదు. పై ఆఫీసువాళ్ళు రాయిని చూడటానికి వస్తారని, వచ్చినప్పుడు దాని దగ్గర ఎవరి మనుషులు ఉంటే వాళ్ళ పేరు పెడతారని ఎవరో పుట్టించారు. ఇక చూసుకోండి. ఆ మలుపులో ఈ గట్టున కొందరు, ఆ గట్టున కొందరు కాపలా. చింతచెట్టు కింద కొడవళ్ళు, గోనెసంచుల్లో నాటు బాంబులు. నేను టేపు పట్టుకుని వంకలో దిగితే రెండు గట్ల మీద నుంచీ నన్నే చూసేవాళ్ళు. టేపు ఏ గట్టు వైపు నుంచి మొదలుపెట్టినా రెండో గట్టు మీద గొంతు సవరించుకోవడం వినబడేది. శాస్త్రం చదివిన ఏ మనిషీ కొలతలు అట్లా తీసుకుని ఉండదు.

ఒక మధ్యాహ్నం రామేశ్వరమ్మ నాకు సంకటి, ఊరుబిండి పచ్చడి పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మేడమ్మా, ఒగ మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఆ రాయికి పేరు పెట్టకుండా ఉండలేవా?"

"పెట్టకపోతే పేపరు అచ్చు కాదు. అచ్చు కాకపోతే నా కష్టమంతా మన్నులో కలిసినట్టే."

"అట్లనా." ఊరుబిండి గిన్నె నా వైపు జరిపింది. "ఆ గట్టున మా అన్న కూచోనుండాడు. ఈ గట్టున మా ఆయన కూచోనుండాడు. పొద్దున మా ఆయనకు సద్ది కట్టిస్తాండా గదా, ఆడ మా అన్న తిన్నాడో ల్యాదో అని ఒగ పక్క గుండె కొట్టుకుంటాది. ఏ గట్టు నుంచి చప్పుడొచ్చినా నాకు పోయేది మనిషే. రెండు పక్కలా నా మనుషులే."

నా కోపం ఆమె మీదకి మళ్ళింది. ఎవరి మీదా చూపించలేని కోపం అన్నం పెట్టిన మనిషి మీదే చూపిస్తాం గదా. "మీ మొగోళ్ళకు బుద్ధి ల్యాకపోతే నేనేం చేసేది రామేశ్వరమ్మా? రాయికి పేరు పెడితే పొలాలు పోతాయా, ఇండ్లు పోతాయా? వాండ్లతో చెప్పు. నాతో కాదు. ఇంగొక్క నెల ఓపిక పట్టు, అంతా సద్దుమణుగుతాది" అన్నాను.

"నెలంటే శానా దినాలు మేడమ్మా" అంది ఆమె. చెంబుతో నీళ్ళిచ్చి, ఎంగిలి కంచం తీసుకుని లోపలికి పోయింది.

ఆ నెల ముగిసేలోపే ఉత్తరం వచ్చింది. పేపరు అంగీకరించారు. డిపార్ట్‌మెంటులో నేను ఒంటరిగా ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ గంతులు చూసి పిల్లలు నవ్వేవాళ్ళు. ఇక మిగిలింది చిన్న పని. పొర మొత్తం కనబడేటట్టు, పక్కన కొలబద్ద పెట్టి ఒక మంచి ఫోటో తీసి పంపాలి. ఈ చోటు ఎవరైనా వచ్చి పరిశీలించడానికి అనువుగా ఉందని ఒక వాక్యం రాసి సంతకం పెట్టాలి. ప్రిన్సిపాల్ చేతికి ఉత్తరం ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదువుకుని, "అయితే కంప్యూటర్లు ఇంకో గదిలో పెట్టుకుంటాంలే" అన్నాడు. నా జీవితంలో అంత తీయటి మాట నేను వినలేదు. కెమెరాలో కొత్త రీలు వేయించి, జియావుల్లాను లేపి, పొద్దున్నే బయలుదేరాను.

వంక దగ్గర జీపు దిగేసరికి కాపలా లేదు. చింతచెట్టు కింద కొడవళ్ళు లేవు, సంచులు లేవు. బాగుపడ్డారు, మనుషులయ్యారు అనుకున్నాను. ట్రాక్టరు చక్రాల జాడలు ఇసుకలో లోతుగా పడి ఉన్నాయి, వాటి వెంబడే మలుపు తిరిగాను.

పొర లేదు.

పొర ఉన్న చోట గట్టు లోపలికి గుహలాగా తొలిచేసి ఉంది. తెల్లటి రాతి పొడి ఇసుక మీద, చెట్ల మీద, అంతటా. పిడికెడు కంటే పెద్ద ముక్క ఒక్కటీ లేదు. రాళ్ళు పేల్చే మందు తూటాలు పెట్టిన బెజ్జాల గుర్తులు గట్టు రాయిలో అక్కడక్కడా మిగిలి ఉన్నాయి, అంతే. జియావుల్లా "యా అల్లా" అని నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. నేను కింద కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాను. ఏది ఏ వరసదో తెలియని కంకర అది. ఏరి ఏం చేస్తానని నన్నెవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

రామేశ్వరమ్మ ఇంటి వైపు నుంచి నవ్వులు వినబడ్డాయి. మసాలా వాసన కూడా వచ్చింది. అటు పోయాను.

వాకిట్లో పందిరి. పందిరి కింద రెండు ఊళ్ళ మగవాళ్ళూ ఒకే బంతిలో కూర్చుని పొట్టేలు కూర, సంకటి తింటున్నారు. చిన్నసుబ్బయ్య నన్ను చూసి ఎంగిలి చేయి పైకెత్తాడు.

"రా మేడమ్మా, రా! మంచి టయానికి వచ్చినావు. రాజీ అయిపోయింది!"

"రాయి ఏమైందప్పా?"

"అదే చెప్తాండా. మైన్సులో పనిచేసే మావాడు తూటాలు తెచ్చినాడు. ఉప్పరకుంట వాండ్లు డ్రిల్లు మిషన్ తెచ్చినారు. రెండు పక్కలోళ్ళం కలిసే పేల్చినాము. కంకర చెరి సగం. వాండ్ల దారికి సగం, మా దారికి సగం."

"ఒక్క రాయి గూడా ఎక్కువ తక్కువ ల్యా" అని చెన్నకేశవ అందుకున్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఇంగ నువ్వు ఏ పేరన్నా పెట్టుకో మేడమ్మా. మా ఊరిది పెట్టుకో, వాండ్ల ఊరిది పెట్టుకో. మాకేం అభ్యంతరం ల్యా."

బంతంతా అవునవునంది. నేను అరిచాను. ఏమేం అన్నానో ఇప్పుడు రాయడానికి కూడా చేయి రాదు. మూర్ఖులన్నాను, దున్నపోతులన్నాను, మీ ఊళ్ళు మట్టికొట్టుకుపోను అన్నాను. నూట తొంభై కోట్ల ఏళ్ళు ఎండకూ వానకూ నిలబడిందాన్ని మీరు కూటి పొద్దుకల్లా కంకర చేశారే, అది ఇంకెక్కడా లేదే, భూమ్మీద ఇంకెక్కడా లేదే అని గుండెలు బాదుకున్నాను. బంతిలో వాళ్ళంతా తినడం ఆపి నన్ను చావింట్లో ఏడ్చే మనిషిని చూసినట్టు చూశారు. చెన్నకేశవ పక్కవాడితో మెల్లగా, "పాపం, అంత పాతదంటే ప్రేమ ఉండదా మరి" అన్నాడు.

రామేశ్వరమ్మ కూర గిన్నె కింద పెట్టి, నా రెక్క పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. ముఖం కడుక్కోమని నీళ్ళిచ్చింది. నేను కడుక్కోలేదు.

"వాండ్లను తిట్టొద్దు మేడమ్మా. ఆ మాట చెప్పింది నేనే."

"నువ్వా?"

"నేనే. మా అన్న కాళ్ళు పట్టుకున్యా, మా బావ కాళ్ళు పట్టుకున్యా. రాయి ఉంటే గదా పేరు, పేరుంటే గదా కొట్లాట, ఆ రాయినే తీసేయండి సామీ అన్యా. ముందు నవ్వినారు. తర్వాత ఇద్దరికీ సమ్మతమాయె. ఎవురూ ఓడిపోయినట్టు గాదు గదా."

"నీ చేత్తో సంకటి తిన్నానే రామేశ్వరమ్మా. నాకు ఒగ మాట చెప్పినావా?"

"నీకు చెప్పినా గదా. ఆ పొద్దు అడిగితి గదా పేరు పెట్టొద్దని. నెల ఆగమంటివి."

నాకు ఆ క్షణంలో ఆమె చెంప మీద కొట్టాలనిపించింది, ఉన్నమాట చెప్తున్నాను. చేయి లేచింది కూడా. ఆమె కదలలేదు. పందిరి వైపు చూపించింది. అక్కడ మునెయ్య, చెన్నకేశవ పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. చెన్నకేశవ తన ఆకులోని మూలుగ ఎముక తీసి మునెయ్య ఆకులో వేస్తున్నాడు. మునెయ్య వద్దు బావా వద్దు బావా అంటూనే తీసుకుంటున్నాడు.

"మా పెండ్లయినాక వాండ్లిద్దరూ ఒగ బంతిలో కూచుంది ఇదే మొదటిసారి" అంది రామేశ్వరమ్మ. "నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తాది, నేను ఒగటి అడుగుతా. రాయి అట్లనే ఉండి, వాండ్లిద్దర్లో ఒగడు ఈపొద్దు ల్యాకుండా పోయింటే, నువ్వేం చేసేదానివి మేడమ్మా?"

కెమెరా నా మెడలోనే వేలాడుతోంది. కొలబద్ద జీపులో ఉంది.

"నా దగ్గరికొచ్చి కండ్లనీళ్ళు పెట్టుకుందువు. అది నాకు తెలుసు, నువ్వు మంచిదానివే" అంది ఆమె. "ఆ తర్వాత పోయి ఫోటో తీసుకుందువా, తీసుకోకుందువా?"

తీసుకునేదాన్ని.